చెరువు బాతులు ఎక్కడికి పోయాయి, ఖాళీ ప్లాటులో అరిచే పిట్ట ఏది?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను అండీ. హైదరాబాద్‌లో మియాపూర్ దాటి అమీన్‌పూర్ వైపు కొత్త కాలనీలో డిసెంబరులో దిగామన్నారు. సంక్రాంతికి చెరువు నిండా ఉన్న బాతులు మార్చి చివరికి మాయమయ్యాయి, నీళ్ళలో ఏమైనా కలిసిందేమోనని మీ టెన్షన్. మధ్యాహ్నం పూట ఎక్కడి నుంచో ఆగకుండా 'టుంక్ టుంక్' అని వినిపిస్తోంది, అది పిట్టో మోటారో తెలియడం లేదన్నారు. పక్క ఖాళీ ప్లాటులో బంతి పడితే తెచ్చుకోవడానికి వెళ్ళిన పాప మీదికి రెండు పిట్టలు దూకుతూ అరిచాయట. ఇంకా రావిచెట్టు మీద తీసిన ఒక మచ్చల పిట్ట ఫోటో పెట్టారు. మేడ మీద నీళ్ళు ఎలా పెట్టాలో అడిగారు.

ఈ చుట్టుపక్కల చెరువుల వెంట నేను ఇరవై రెండేళ్ళుగా తిరుగుతున్నాను. వరస తప్పినా ప్లాటు సంగతితో మొదలుపెడతాను. మిగతావి రేపు చదువుకున్నా నష్టం లేదు, ఇది మాత్రం ఇవాళే తెలియాలి.

అవి తీతువు పిట్టలు. పావురం కంటే కాస్త పెద్దవి, పొడుగాటి పసుపు కాళ్ళు, కొసన నల్లగా ఉండే ఎర్ర ముక్కు, కంటి ముందు ఎర్రటి తోలు ముక్క. తల, రొమ్ము నలుపు, చెంప నుంచి కిందికి తెల్లటి పట్టీ. పాప మీదికి వచ్చాయంటే ఆ ప్లాటులో గుడ్లు ఉన్నాయి, లేదా అప్పుడే నడక నేర్చిన పిల్లలు ఉన్నాయి. పొడవడానికి రావు, భయపెట్టి పంపించడానికే వస్తాయి. రాత్రిపూట తీతువు అరిస్తే చావు కబురు వస్తుందని మన పెద్దవాళ్ళు అనేవారు. నేల మీద గుడ్లు పెట్టే పిట్టకు రాత్రి నిద్ర ఎక్కడిది? కుక్క వచ్చినా, నక్క వచ్చినా, మనిషి నడిచినా లేచి అరుస్తుంది. ఆ అరుపుకి ఇంత చెడ్డపేరు రావడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

దాని గూడు మన కంటికి గూడులా కనిపించదు. నేల మీద అరచేయంత గుంట, చుట్టూ నాలుగు గులకరాళ్ళు, మేక పెంటికలు. అందులో మామూలుగా నాలుగు గుడ్లు, సన్న కొసలు లోపలికి తిప్పి పేర్చినట్టు ఉంటాయి. మట్టిరంగు మీద నల్లమచ్చలు. పక్కనే నిలబడ్డా కనిపించవు. అందుకే వెతకడానికి వెళ్ళకండి, తెలియకుండా కాలేస్తారు. పైగా మనం గూటి చుట్టూ తచ్చాడుతుంటే కాకులు గమనిస్తాయి, మనం వెళ్ళగానే అవి దిగుతాయి.

నాలుగేళ్ళ కిందట, ఏప్రిల్ రెండో వారంలో, ఒక లేఔట్‌లో ఇలాంటి గూటి దగ్గర రెండు గంటలు కారులో కూర్చున్నాను. కారును ఇవి పట్టించుకోవు, డోరు తీస్తేనే గొడవ. ఒంటిగంట దాటింది. గూటి దగ్గర ఉన్న పిట్ట గుడ్ల మీద కూర్చోలేదు. నోరు తెరుచుకుని, రెక్కలు కాస్త విడదీసి, వాటికి నీడ పడేలా నిలబడింది. ఆ ఎండలో గుడ్డుకు కావాల్సింది వేడి కాదు, నీడ. రెండోది దూరంగా బోరు దగ్గర మడుగులోకి దిగింది. కాళ్ళు మడిచి, పొట్ట ఈకలు నీళ్ళలో ఆనించి, అటూ ఇటూ ఊగింది. తర్వాత తిన్నగా గూటికి రాలేదు. ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు, మధ్యలో ఏదో ఏరుకున్నట్టు నటన, అలా అలా వచ్చింది. మొదటిది తప్పుకోగానే తడి పొట్టతో గుడ్ల మీద కూర్చుంది. పొట్ట కింద మట్టి నల్లబడడం బైనాక్యులర్లో నాకు స్పష్టంగా కనిపించింది. ఆ రెండు గంటల్లో రెండూ కలిసి ఏడుసార్లు నీళ్ళకు వెళ్ళొచ్చాయి.

మరుసటి వారం వెళ్ళేసరికి అక్కడ నేల చదును చేసేశారు. టైర్ల గుర్తులు మాత్రమే ఉన్నాయి. పిట్టలు రెండూ ఆ మట్టి మీదే తిరుగుతున్నాయి. ముందే వెళ్ళి ఆ వాచ్‌మన్‌కు ఒక మాట చెప్పి ఉంటే ఆగేదేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది. అందుకే మీకు ఇంతగా చెబుతున్నాను. ప్లాటు ఓనరు ఎవరో కనుక్కోండి, లేకపోతే అక్కడికొచ్చే ట్రాక్టరు డ్రైవరుతో మాట్లాడండి. "ఒక నెల ఆగండి అన్నా, ఇక్కడ పిట్ట గుడ్లు పెట్టింది" అని మర్యాదగా అడిగితే నాకు తెలిసి చాలామంది ఆగుతారు. ఆగనివాళ్ళకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం గురించి చెప్పొచ్చు. అడవి పక్షుల గుడ్లను పాడుచేయడం, గూళ్ళను చెదరగొట్టడం ఆ చట్టం ప్రకారం వేట కిందికే వస్తుంది. గుర్తు కోసం గూటి పక్కనే కర్ర పాతడం, ఎర్రగుడ్డ కట్టడం చేయకండి, కుక్కలకు దారి చూపించినట్టవుతుంది. పది పన్నెండు అడుగుల దూరంలో నాలుగు పెద్ద రాళ్ళు వేస్తే బండ్లు తిప్పేవాళ్ళు తప్పించుకుపోతారు.

పొదగడం దాదాపు నాలుగు వారాలు. పిల్లలు పుట్టిన రోజే లేచి నడుస్తాయి, గూట్లో ఉండవు. తల్లి ఒక్క అరుపు అరిస్తే ఉన్నచోటే నేలకు అతుక్కుపోతాయి. అలాంటి పిల్ల కనిపిస్తే దారితప్పిందేమోనని ఇంటికి తీసుకురాకండి. ప్రతి ఏప్రిల్‌లోనూ నాకు అలాంటి ఫోన్లు నాలుగైదు వస్తాయి.

ఇక బాతులు. వాటికేమీ కాలేదు, ఊరికి వెళ్ళిపోయాయి. మీరు చలికాలంలో చూసినవాటిలో ఎక్కువ భాగం సూదితోక బాతులు, చెంచామూతి బాతులు అయి ఉంటాయి. అవి గుడ్లు పెట్టేది మధ్య ఆసియాలో, సైబీరియాలో. పగలు పొడుగవుతున్న కొద్దీ వాటికి ప్రయాణం గుర్తొస్తుంది, బాగా తిని కొవ్వు పట్టించుకుంటాయి. మార్చి నెలలో గుంపు గుంపుగా, ఎక్కువగా రాత్రుళ్ళే లేచిపోతాయి. ఏప్రిల్ రెండో వారం వచ్చేసరికి దాదాపు ఖాళీ. నీళ్ళు బాగాలేక పక్షులు పోతే అన్నీ పోతాయి, చచ్చిన చేపలు ఒడ్డుకు కొట్టుకొస్తాయి. మీ చెరువులో మునుగుడు కోళ్ళు, నీల బొల్లి కోళ్ళు, ముక్కు కొసన పసుపుండే మన చుక్కమూతి బాతులు ఇంకా ఉన్నాయా లేదా చూడండి. ఉంటే కంగారు పడే పనిలేదు. అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. ఊరు నడుమ ఉన్న చెరువుకు ఆ గుర్తింపు రావడం దేశంలో అదే మొదటిసారి. దాని మీద కన్నేసి ఉంచేవాళ్ళు మీలా ఎంతమంది ఉంటే అంత మంచిది.

ఒక మాట. బాతులు పోయాక చెరువు చూడ్డానికి ఏముందిలే అనుకోకండి. నన్నడిగితే మార్చి చివర, ఏప్రిల్ మొదటి పది రోజులు చెరువు ఒడ్డుకు వెళ్ళాల్సిన రోజులు. నీరు వెనక్కి తగ్గి బురద తేలుతుంది కదా, ఆ బురద అంచున ఉండే వలస పిట్టలు వెళ్ళే ముందు బట్టలు మార్చుకుంటాయి. చలికాలమంతా బూడిదరంగులో ఉన్న నల్లతోక గాడ్‌విట్ మెడ, రొమ్ము ఇటుక రంగుకు తిరుగుతాయి. పసుపు జిట్టంగిగాడు వెలిసిపోయిన రంగు వదిలేసి అప్పుడే అద్దిన పసుపులా అవుతుంది. తెల్ల జిట్టంగిగాడి గొంతు నల్లబడుతుంది. నవంబరులో ఏ పిట్టో తేల్చుకోలేక తల పట్టుకున్నవి ఈ పది రోజుల్లో సులభంగా తెలిసిపోతాయి. అదే బురదలో పొడుగు ఎర్రకాళ్ళ నల్లరెక్కల స్టిల్ట్ పిట్టలు గుడ్లు పెట్టే చోటు వెతుక్కుంటూ ఉంటాయి. ఒకటి మూట సర్దుకుంటుంటే ఒకటి ఇల్లు కట్టుకుంటోంది. మూడు నాలుగు వందల అడుగుల ఒడ్డు మీద రెండూ ఒకేసారి చూడగలిగేది సంవత్సరంలో ఈ కాస్త సమయంలోనే.

గులాబీ గోరింకలు కూడా ఇప్పుడు మూట సర్దుకునేవే. నల్ల తల, గులాబీరంగు ఒళ్ళు. బూరుగు, మోదుగ పూసినప్పుడు ఆ చెట్ల మీద, తర్వాత రావిపళ్ళ మీద గోలగోలగా ఉంటాయి. సాయంత్రం ఆరింటికి ఆకాశంలో వేలకొద్దీ పొగలా సుడి తిరుగుతూ కనిపిస్తే అవే. ఈ రెండు వారాల్లో ఒక్క సాయంత్రమైనా పాపను మేడ మీదికి తీసుకెళ్ళండి.

'టుంక్ టుంక్' మోటారు కాదండీ, కంసాలి పిట్ట. కంసాలి చిన్న సుత్తితో రాగిరేకు మీద కొట్టినట్టు ఉంటుందని ఆ పేరు. పిచ్చుక కంటే కొంచెం పెద్దది, ఆకుపచ్చ ఒళ్ళు, నుదుటన కుంకుమ బొట్టు పెట్టినట్టు ఎర్రమచ్చ, పసుపు గొంతు. నిమిషానికి నూరుకు పైగా కొడుతుంది. నోరు తెరవదు, గొంతు ఉబ్బించి అరుస్తుంది. ఒక్కో అరుపుకి తల ఒక్కో వైపు తిప్పుతుంది కాబట్టి చప్పుడు ఒకసారి దగ్గర్నుంచి, ఒకసారి దూరం నుంచి వచ్చినట్టు ఉంటుంది. మీరు కనుక్కోలేకపోయింది అందుకే. పొద్దున్నే ఏడు లోపు, ఆకుల్లేని ఎండుకొమ్మ చివర చూడండి. ఎండ కాచుకుంటూ అక్కడే కూర్చుని ఉంటుంది. గూడు కూడా ఎండుకొమ్మలోనే, మునగ లాంటి మెత్తటి కర్రలో గుండ్రటి రంధ్రం తొలుస్తుంది. ఆ రంధ్రం ఎంత గుండ్రంగా ఉంటుందంటే డ్రిల్లింగ్ మెషీన్‌తో పెట్టారా అనిపిస్తుంది. మీ అసోసియేషన్ వాళ్ళు వేసవిలో ఎండుకొమ్మలు కొట్టిస్తుంటే, మనుషుల మీద పడే ప్రమాదం లేనివి వదిలేయమని అడగండి.

ఫోటోలోది ఆడ కోయిల. గోధుమరంగు మీద తెల్లటి చుక్కలు, ఎర్ర కన్ను. కొత్తగా పక్షులు చూసేవాళ్ళు ఏదో డేగ అనుకుంటారు. మన పాటల్లో, పద్యాల్లో పాడే కోయిలమ్మ నిజానికి మగది, నల్లగా నిగనిగలాడేది. ఆడది 'కిక్ కిక్ కిక్' అని గబగబా అరుస్తుంది, అంతే. ఇంకో సంగతి, ఉగాదికి కోయిల వస్తుందని అంటుంటారు. అది ఎక్కడికీ పోదు, చలికాలమంతా ఈ రావి, మర్రి చెట్లలోనే పళ్ళు తింటూ నోరు మెదపకుండా ఉంటుంది. మామిడి పూత నాటికి గొంతు విప్పుతుంది. ఎందుకంటే కాకి పుల్లలు ఏరడం మొదలుపెట్టే రోజులు దగ్గరపడ్డాయి. మగది కాకి గూటి ముందుకు వచ్చి అరిచి రెచ్చగొడితే కాకులు తరుముతూ వెళ్తాయి, ఆ సందులో ఆడది గుడ్డు పెట్టేసి పోతుంది. కోయిల పిల్ల కాకి పిల్లల కంటే ముందే గుడ్డు నుంచి బయటికొస్తుంది. వేరే కొన్ని కోయిల జాతుల్లోలా పక్క గుడ్లను తోసేయదు, కాకి పిల్లలతో కలిసే పెరుగుతుంది. మీ రావిచెట్టు మీద ఆడ కోయిల పొద్దస్తమానం కదలకుండా కూర్చుందన్నారు కదా, దగ్గర్లో కాకి గూడు కట్టడం అది చూస్తూ ఉండొచ్చు. మే, జూన్ నెలల్లో కాకి నోట్లోంచి మేత అందుకునే మచ్చల పిల్ల కనిపిస్తే నాకు తప్పకుండా రాయండి.

పాలపిట్ట దసరాకే కనిపిస్తుందా అని మధ్యలో ఒక మాట అడిగారు. కాదు, దాన్ని చూడాల్సింది ఇప్పుడే. కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు మట్టిరంగులో మామూలుగా ఉంటుంది. మార్చి, ఏప్రిల్‌లో మగది నిలువుగా పైకి లేచి, అక్కడి నుంచి ఒళ్ళు అటూ ఇటూ దొర్లిస్తూ, గట్టిగా అరుస్తూ కిందికి పడుతుంది. ఆ పడేటప్పుడు రెక్కల నీలం ఎండలో తళతళలాడుతుంది. తల విరిగిన తాటిమొద్దు ఉన్నచోట చూడండి, దాని తొర్రలో గూడు పెడుతుంది. తెలంగాణ రాష్ట్ర పక్షి కూడా అదే. దసరాకు పంజరంలో తెచ్చి చూపించి డబ్బులు అడిగేవాళ్ళకు దయచేసి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. రెక్కలు కట్టేసిన పిట్టలు తర్వాత చాలావరకు బతకవు.

అరుపు విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్ ఫోన్‌లో వేసుకున్నామన్నారు. మంచిదే, నేనూ వాడతాను. కాకపోతే అది పేరు చూపించింది కదా అని లిస్టులో రాసేయకండి. మా వీధిలో పసుల పోలిగాడు ఒకటి ఉంది, నల్లగా, తోక చీలి ఉంటుంది. అది జాలె డేగ అరుపును అచ్చం దించేస్తుంది. యాప్ ప్రతిసారీ డేగ అనే చూపిస్తుంది. చెవితో విన్నదాన్ని కంటితో చూశాకే రాయండి. అలాగే యాప్‌లోని అరుపులు స్పీకర్లో పెట్టి పిట్టల్ని పిలవకండి. గూడు కట్టే రోజుల్లో తన చోటుకు ఇంకో మగది వచ్చిందనుకుని అది మేత మానేసి మీ చుట్టూ తిరుగుతుంది. బాల్కనీ కుండీలో పిగిలిపిట్ట (బుల్‌బుల్) గూడు పెట్టినా ఇదే లెక్క. ఫోటో కోసం ఆకులు పక్కకు జరపకుండా ఉంటే చాలు, నెల తిరక్కుండానే పిల్లలు ఎగిరిపోతాయి.

నీళ్ళు మట్టి మూకుడులో పెట్టండి, వెడల్పుగా, రెండంగుళాల లోతుకు మించకుండా. మధ్యలో ఒక గరుకు రాయి ఉంచితే చిన్న పిట్టలు దాని మీద నిలబడి తాగుతాయి. నున్నటి ప్లాస్టిక్ టబ్బుల్లో పిచ్చుక పిల్లలు పడి చనిపోవడం చూశాను. నీడలో పెట్టండి, కానీ పిల్లి నక్కే కుండీల పక్కన వద్దు. రోజూ పొద్దున్నే పారబోసి, పీచుతో తోమి, కొత్త నీళ్ళు పోయండి. లేకపోతే దోమలు పుడతాయి, ఒక పిట్ట రోగం ఇంకోదానికి అంటుతుంది. ఉప్పు వేసిన అన్నం, బిస్కెట్లు వద్దు. గింజలు పెట్టాలనుకుంటే కొర్రలో జొన్నలో పిడికెడు చాలు. నన్నడిగితే గింజల కంటే నీళ్ళే ముఖ్యం ఈ నెలల్లో.

ఆంధ్రా వైపు నుంచి చదివేవాళ్ళకు కూడా రెండు మాటలు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో చలికాలపు గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ళ కొంగలు మార్చి దాటితే పలచబడతాయి, వెళ్ళాలనుకుంటే ముందే వెళ్ళండి. గోదావరి ఇసుక తిన్నెల మీద మాత్రం ఇప్పుడే సందడి. అక్కడ నది రేవపిట్టలు ఒట్టి ఇసుకలో గుడ్లు పెడతాయి. సరదాగా తిన్నెల మీదికి బండి తోలకండి, వెంట కుక్కను తీసుకెళ్ళకండి.

చివరిగా ఒకటి చెప్పి ఆపుతాను. ఏప్రిల్ చివర, మే మొదట్లో గాలివాన పడిన మర్నాడు మీ అపార్టుమెంటు కింద, గాజు అద్దాల దగ్గర ఒకసారి చూడండి. గోరింకంత సైజు, పొట్టి తోక, ఆకుపచ్చ వీపు, భుజాన నీలం, తోక కింద ఎరుపు, కంటి మీదుగా నల్ల పట్టీ ఉన్న పిట్ట కింద కూలబడి కనిపించవచ్చు. దక్షిణాదిలో, శ్రీలంకలో చలికాలం గడిపి, గుడ్లు పెట్టడానికి మధ్య భారతం, హిమాలయాల పాదాల వైపు పోతూ రాత్రిపూట దీపాలకు, అద్దాలకు కొట్టుకుంటుంది. పొద్దున, సాయంత్రం ఆరింటికి ఈల వేస్తుందని పక్కనున్న తమిళులు దాన్ని ఆరుగంటల పిట్ట అంటారు. ప్రపంచమంతా దాన్ని పిలిచే పేరు మాత్రం మన తెలుగు మాటే. శాస్త్రవేత్తలు ఆ జాతికి పెట్టిన పేరు 'పిట్ట'. అది దొరికితే గాలి ఆడే అట్టపెట్టెలో పాత గుడ్డ పరిచి పడుకోబెట్టి, మూత పెట్టి, చీకట్లో, చప్పుడు లేనిచోట ఉంచండి. నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రెండు మూడు గంటల్లో పెట్టెలో టపటపమని చప్పుడైతే చెట్లున్న చోటికి తీసుకెళ్ళి మూత తీయండి. రెక్క వేలాడుతుంటే మాత్రం పశువుల డాక్టరుకు చూపించండి.

ప్లాటు ఓనరుతో మాట్లాడాక ఏమన్నారో రాయండి. పాపతో తీతువులు మొదటిసారి అరిచిన తారీకు క్యాలెండరులో రాయించండి. ఆ రోజు నుంచి నాలుగైదు వారాలు బంతి ఆ వైపు పోకుండా చూసుకుంటే చాలు.